బీఎస్ఏ బీ31: బండి బంగారమే, మాగ్నెటో సంగతి మాత్రం ముందే తేల్చుకోండి

పాత బ్రిటిష్ మోటార్‌సైకిల్ బీ31 ఒకటి అమ్మకానికి కనపడింది, కొనొచ్చా అని ఇక్కడ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మనవాళ్లెవరైనా అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే, మాగ్నెటోలో (బ్యాటరీ అవసరం లేకుండా స్పార్క్ పుట్టించే యంత్రం అది) కండెన్సర్ అనే చిన్న విద్యుత్ భాగం మార్చారా లేదా అని. పెయింటు, క్రోమ్, టైర్లు తర్వాత సంగతి. నాది 1951 మోడల్, వెనక చక్రం స్ప్రింగుల మీద నిలువుగా పైకీ కిందికీ కదిలే ప్లంజర్ సస్పెన్షన్ ఉన్నది. అట్టపెట్టెల్లో విడిభాగాలుగా కొని, గ్యారేజీలో ఒక్కొక్కటీ బిగించి, రిజిస్ట్రేషన్ చేయించి కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఈ బండంటే నాకు ప్రాణం, ఆ ఒక్క భాగం మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

348 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్ ఎలా ఉంటుందో బుల్లెట్ మీద పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, అచ్చం మా నాన్నగారి పాత బుల్లెట్‌లాగే, అందుకే విజయవాడలో నేర్చుకున్నదే ఇక్కడా పనికొచ్చింది. కార్బొరేటర్ మీద ఉండే టిక్లర్ అనే చిన్న బటన్ నొక్కి పెట్రోలు తడి కనపడేదాకా ఆగి, స్పార్క్ కాస్త ఆలస్యంగా పడేలా ఇగ్నిషన్ లివర్ కొంచెం తగ్గించి, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచే వాల్వ్ లిఫ్టర్ పట్టుకుని పిస్టన్‌ని కంప్రెషన్ దాటించి ఒక్క కిక్ కొడితే అందుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా డౌనైనా సరే, స్పార్క్ మాగ్నెటోదే కాబట్టి స్టార్ట్ అవుతుంది. ప్లంజర్ వల్ల గుంతల్లోనూ నడుముకు హాయి. విడిభాగాలు ఈ దేశంలో ఇప్పటికీ తేలిగ్గానే దొరుకుతున్నాయి, కాకపోతే మెట్రిక్ స్పానర్లు పట్టవు, పాత బ్రిటిష్ కొలతల విట్‌వర్త్ స్పానర్ల సెట్ ఒకటి విడిగా కొనుక్కోవాల్సిందే.

రిజిస్ట్రేషన్ అంటే చాలామంది భయపడతారు, నాకూ టెన్షన్‌గానే ఉండేది, చివరికి అన్నిటికంటే సాఫీగా జరిగింది అదే. 1983 నవంబరు ఆఖరుకల్లా డీవీఎల్ఏ (ఇక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ) కంప్యూటర్‌లోకి ఎక్కని పాత నంబర్లన్నీ రికార్డులో లేకుండా పోయాయి. నా బండి అప్పటికే ఏదో షెడ్డులో మూలపడి ఉంది కాబట్టి దాని నంబరూ పోయింది. అయితే ఒక పెట్టె అడుగున పాత లాగ్‌బుక్ దొరికింది. అందులో నంబరు, ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు, పన్ను కట్టినప్పుడల్లా కౌన్సిల్ వాళ్లు వేసిన తేదీ ముద్రలు, అన్నీ ఉన్నాయి. ఇలాంటి ఆధారం ఉంటే వీ765 అనే పద్ధతిలో పాత నంబరే తిరిగి అడగొచ్చు. గుర్తింపు ఉన్న ఓనర్స్ క్లబ్బు బండి వివరాలు సరిచూసి సంతకం పెట్టాలి, దానికి రిజిస్ట్రేషన్ దరఖాస్తు అయిన వీ55/5 ఫారం జతచేసి స్వాన్సీలోని డీవీఎల్ఏకి పంపాలి. నా నంబరు నాకొచ్చింది. దాన్ని ఇంకో బండికి మార్చడానికి వీలుండదు, నాకు ఆ ఉద్దేశమూ లేదు. లాగ్‌బుక్ లేనివాళ్లు క్లబ్బు దగ్గర బండి ఏ ఏడాదిదో చెప్పే డేటింగ్ సర్టిఫికెట్ తీసుకుంటే బండి వయసుకు తగ్గ వేరే నంబరు ఇస్తారు. 40 ఏళ్లు దాటిన బండి కాబట్టి పన్ను సున్నా, కట్టేదేమీ లేకపోయినా ఏటేటా ట్యాక్స్ నమోదు మాత్రం చేయించాలి. 1960కి ముందు బండి కాబట్టి 2012 నుంచి ఎంఓటీ, అంటే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష కూడా అక్కర్లేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఫ్రేమ్ పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేలోపే నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి, ఫోటోలూ తీయండి, ఆ చోట టేపు వేయమని వాళ్లకు గట్టిగా చెప్పండి. నా ఫ్రేమ్ నంబరు జెడ్‌బీ31ఎస్ అని మొదలవుతుంది. కోటింగ్ మందంగా పడితే ఆ గాట్లు పూడిపోతాయి, అప్పుడు ఎవరికి చూపించినా నమ్మరు.

ఇక అసలు సంగతి. మాగ్నెటోని నేను ముట్టుకోలేదు, పని తెలిసినవాళ్లే చేయాలని ఒక వర్క్‌షాపుకి ఇచ్చాను. రివైండింగ్ చేశాం, అంటే లోపలి తీగచుట్లు మళ్లీ చుట్టాం, అంతా కొత్తదే అన్నారు, బిల్లు కూడా దానికి తగ్గట్టే వేశారు. ఇంటి చుట్టుపక్కల తిరిగినన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఎండాకాలం ఒక ఆదివారం ఫాస్ వే మీదుగా మోర్టన్-ఇన్-మార్ష్ వైపు బయల్దేరాను, నేరుగా సాగే పాత రోమన్ల దారి అది, బండి హాయిగా పోతోంది. హాల్‌ఫర్డ్ దగ్గరపడేసరికి దగ్గడం మొదలుపెట్టి, ఎత్తు ఎక్కుతూ ఆగిపోయింది. పెట్రోలు ఉంది, ట్యాంకు మూత గాలి పీల్చుకుంటోంది. ప్లగ్ విప్పి, వైరు తగిలించి సిలిండర్ హెడ్‌కి ఆనించి కిక్ కొడితే, సన్నగా పసుపు రంగులో ఒక మెరుపు, అంతే. గడ్డి మీద కూర్చుని ఫ్లాస్కులో టీ అయ్యేదాకా ఆగి మళ్లీ అదే పని చేస్తే ఈసారి నీలంగా టప్‌మని కొట్టింది. బండి స్టార్ట్ అయింది, కొంత దూరం పోయాక మళ్లీ ఆగింది. ఆ రోజు ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే కార్బొరేటర్ చూసుకోండి అన్నారు. చూశాను, జెట్ మార్చాను, ఫ్లోట్ మార్చాను. అయినా చల్లగా ఉంటే బుద్ధిగా, వేడెక్కితే మొరాయింపు, అదే తంతు. చివరికి క్లబ్బులో ఒక పెద్దాయన నేను చెప్పింది విని, కండెన్సర్ అన్నాడు, ఇంకేం అడగలేదు. ఈ మాగ్నెటోలో కండెన్సర్ ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్ల భాగం) లోపల ఉంటుంది, పైకి కనపడదు. పాతబడితే వేడికి లీకవుతుంది, దాంతో స్పార్క్ కోసం కరెంటును తెగ్గొట్టే పాయింట్లు కాలిపోతాయి, స్పార్క్ నీరసపడుతుంది. ఇంకోచోట విప్పించి చూస్తే చుట్లు కొత్తవే, కండెన్సర్ మాత్రం ఆనాటిదే, అలాగే వదిలేశారు! అది చూసినప్పుడు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అంత ఖర్చు పెట్టించుకుని, మళ్లీ మొత్తం విప్పితే తప్ప అందని ఆ చిన్న భాగాన్ని వదిలేయడానికి మనసెలా ఒప్పింది?

కొత్త కండెన్సర్ వేయించాక టైమింగ్ నేనే పెట్టుకున్నాను. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, పాయింట్లు విడిపోయే క్షణంలో కాగితం జారి చేతికొచ్చేస్తుంది, స్పార్క్ పడేది అక్కడే. ఆ తర్వాత ఇదే ఫాస్ వే మీద మండుటెండలో నడిపాను, ఒక్కసారి కూడా ఆగలేదు. కాబట్టి బ్యాటరీ లేకపోయినా స్టార్ట్ అవుతుందని పైన అన్నది నిజమే, మాగ్నెటో లోపల పని సరిగ్గా జరిగి ఉంటేనే. ప్లంజర్ హాయి కూడా బుష్‌లు బాగున్నన్నాళ్లే, అరిగితే వంపుల్లో వెనక చక్రం అటూ ఇటూ అవుతున్నట్టు తెలుస్తుంది, నా బండికి ఇప్పుడిప్పుడే ఆ లక్షణం కనపడుతోంది.

నాకు సొంత గ్యారేజీ ఉంది, ఆఫీసుకి బస్సులో పోతాను, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రోజుల్లో బండి బయటికి తీయను, ఇథనాల్ తక్కువగా ఉండే ఈ5 పెట్రోలే పోస్తాను. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు సరిపోయింది. లండన్‌లో ఫ్లాట్‌లో ఉండే మా తమ్ముడు అడిగితే వద్దనే చెప్పాను, రాత్రంతా వీధిలో వదిలేసే బండి కాదిది. మాగ్నెటో గొడవే వద్దనుకునేవాళ్లు 1958 నుంచి వచ్చిన బీ31లు చూడండి, వాటికి ఆల్టర్నేటర్, కాయిల్ ఇగ్నిషన్ ఉంటాయి, వెనకాల ప్లంజర్ బదులు ఇప్పటి బండ్లలాగే స్వింగింగ్ ఆర్మ్ ఉంటుంది. అవి బ్యాటరీ మీద ఆధారపడతాయి. నేనైతే మళ్లీ కొన్నా మాగ్నెటో ఉన్నదే కొంటాను, కండెన్సర్ మార్చినట్టు ఫోటో చూపించాకే డబ్బులిస్తాను.