ఫో, టోఫు పులుసు, సిచువాన్: క్యారల్టన్‌లో అమ్మానాన్నల్ని ఎక్కడికి తీసుకెళ్తే మేలు?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో బిర్యానీ హోటళ్లన్నీ తిరిగేశారు. ఇంకేం తినిపించాలని డాలస్‌లో ఉండే మనవాళ్లు అడిగితే నేను డాలస్ పక్కనే ఉన్న క్యారల్టన్ పేరే చెప్తాను. ఓల్డ్ డెంటన్ రోడ్డు, జార్జ్ బుష్ టర్న్‌పైక్ కలిసే చోట హెచ్ మార్ట్ అనే కొరియన్ సరుకుల సూపర్‌మార్కెట్ ఉంది. ఆ చుట్టుపక్కల స్ట్రిప్ మాల్స్‌లో కొరియన్ హోటళ్లు ఎక్కువ. వియత్నాం వాళ్లవి, చైనా వాళ్లవి కూడా దొరుకుతాయి.

పక్కన నెయిల్ సెలూనో డ్రై క్లీనింగ్ షాపో ఉందని, బోర్డు వెలిసిపోయిందని వెనక్కి తిరగకండి. అద్దె తక్కువ కాబట్టే ఒక కుటుంబం తమ ఊరి వంటని తమవాళ్ల కోసం మార్చకుండా వండగలుగుతుంది. లాస్ ఏంజెలిస్‌లో ఇలాంటి చిన్న హోటళ్ల మీద ఏళ్ల తరబడి రాసిన జొనాథన్ గోల్డ్‌కి 2007లో పులిట్జర్ బహుమతి వచ్చింది. హోటళ్ల గురించి రాసేవాళ్లలో అది అందుకున్న మొదటి మనిషి ఆయనే.

ముందుగా ఫో, అంటే వియత్నాం వాళ్ల నూడుల్స్ సూప్. 1975లో వియత్నాం యుద్ధం ముగిసి సైగాన్ కమ్యూనిస్టుల వశమయ్యాక టెక్సస్‌కి వచ్చి స్థిరపడ్డ వియత్నాం కుటుంబాలు దీన్ని ఇక్కడ ఊరూరా అలవాటు చేశాయి. కాల్చిన అల్లం, ఉల్లిపాయ, అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి గంటల తరబడి కాచిన రసంలో బియ్యపు నూడుల్స్ వేసి ఇస్తారు. పక్కన తులసి జాతి ఆకులు, పెసర మొలకలు, నిమ్మ ముక్క, పచ్చిమిర్చి పెడతారు. వాసన మనకి కొత్త కాదు. అసలు చిక్కు ఆ రసంతోనే. మామూలు ఫోకి రసం గొడ్డు ఎముకలతో కాస్తారు. చికెన్ ఫో అడిగినా దానికి రసం విడిగా కాచారా లేదా అని అడగాల్సిందే. పైగా పెద్దవాళ్లలో చాలామందికి అది చప్పగా అనిపిస్తుంది. జలుబు చేసిన రోజు మీరొక్కరే వెళ్లి తినడానికి అంతకంటే మంచిది లేదు. అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్లడానికి మాత్రం నేను ఎంచుకోను.

నా ఓటు కొరియన్ టోఫు పులుసుకి. సుండుబు జిగె అంటారు. నల్లటి మట్టి గిన్నెలో కుతకుతలాడుతూ వస్తుంది. ఎర్రటి కారప్పులుసులో జున్నులా మెత్తటి టోఫు, అంటే సోయా పాలని విరిచి చేసే పన్నీరులాంటిది, ఉంటుంది. బల్ల మీద పెట్టిన పచ్చి గుడ్డు మీరే కొట్టి వేసుకోవాలి, ఆ వేడికే అది ఉడికిపోతుంది. కారం ఎంత కావాలో ఆర్డర్ తీసుకునేటప్పుడే అడుగుతారు. పులుసు రాకముందే కిమ్చీ (కారం పెట్టి పులియబెట్టిన క్యాబేజీ), మొలకల కూర, దోసకాయ, ఇంకో రెండు మూడు రకాలు చిన్న గిన్నెల్లో సర్దేస్తారు. అయిపోతే మళ్లీ తెస్తారు, దానికి డబ్బు తీసుకోరు. అన్నం, కారప్పులుసు, నంజుకోడానికి నాలుగు రకాలు. ఎలా తినాలో ఎవరూ నేర్పక్కర్లేదు. కొన్నిచోట్ల అన్నం రాతి గిన్నెలో వస్తుంది. అన్నం తీసుకున్నాక అడుగంటిన దాని మీద వేడినీళ్లు పోసి నాననిస్తారు. చివర్లో ఆ మాడు గంజితో సహా తాగుతారు. మా అమ్మకి పులుసు కంటే అదే ఎక్కువ నచ్చింది.

ఇక్కడా అడగాల్సినవి ఉన్నాయి. రొయ్యలు, ఆల్చిప్పలు వేసిన రకం తీసుకున్నా, అడుగు రసం ఎండు చేపలతో కాచారా, గొడ్డు మాంసంతోనా అని కనుక్కోండి. కిమ్చీలో సాధారణంగా ఉప్పు రొయ్యలో చేపల సాసో కలుస్తుంది. కాబట్టి పూర్తి శాకాహారులకి కొరియన్ హోటల్ కష్టమే. పుట్టగొడుగుల పులుసు అని మెనూలో ఉన్నంత మాత్రాన శాకాహారం అనుకోవద్దు.

ఇంట్లో ఒక్కరు శాకాహారి ఉన్నా సిచువాన్ హోటల్‌కి, అంటే చైనాలో కారానికి పేరుపడ్డ సిచువాన్ ప్రాంతపు వంట దొరికే చోటికి వెళ్లండి. అక్కడ చాలా కూరలు ఆర్డర్ ఇచ్చాక విడిగా పెనం మీద వేయిస్తారు. ఏం వద్దో చెప్తే మానేయడం వాళ్లకి తేలిక. వెల్లుల్లి సాస్ వంకాయ, సన్నగా తరిగి వెనిగర్, ఎండుమిర్చితో వేయించిన బంగాళాదుంప, వేపుడు బీన్స్, మాపో టోఫు (కారం సాస్‌లో వండిన టోఫు) తీసుకోవచ్చు. బీన్స్‌లో, మాపో టోఫులో పంది ఖీమా వేయడం మామూలు. అందుకని మాంసం, ఆయిస్టర్ సాస్, చికెన్ పొడి మూడూ వద్దని స్పష్టంగా చెప్పండి. సిచువాన్ మిరియం తగిలితే నాలుక తిమ్మిరెక్కుతుంది. పెద్దవాళ్లు కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచండి. తోటలకి తెగులు పాకుతుందన్న భయంతో అమెరికా 1968 నుంచి 2005 దాకా ఆ మిరియం దిగుమతిని నిషేధించింది.

ఖర్చులోనూ తేడా ఉంది. ఫో, టోఫు పులుసు మనిషికొక గిన్నె లెక్క. సిచువాన్‌లో నలుగురు మూడు కూరలు, అన్నం పంచుకుంటే సరిపోతుంది, వారం మధ్యలో లంచ్ స్పెషల్ ఉంటే ఇంకా చవక. దేనికైనా 8.25 శాతం టాక్స్, పైన టిప్ కలుపుకోండి. వారాంతాల్లో టోఫు హోటళ్ల దగ్గర క్యూ ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్తుంటే, తలుపులు తీసే వేళకే చేరుకోండి.