శ్రుతి లెక్కలకు కాసియో ఎఫ్‌ఎక్స్-991ఇఎస్ ప్లస్

స్వరాల పౌనఃపున్య నిష్పత్తులను భిన్నాలుగానే చూడాలనుకునేవారికి ఇది చక్కని కాలిక్యులేటర్. 1200×లాగ్₂(ఎక్స్) అని ఎక్కించి కాల్క్ మీట నొక్కండి. 3/2 ఇస్తే పంచమం 701.96 సెంట్లు, 5/4 ఇస్తే అంతర గాంధారం 386.31. సెంటు అంటే ఒక స్థాయిలో, అంటే సా నుంచి పై సా వరకు ఉన్న దూరంలో, 1200వ వంతు. కీబోర్డు గాంధారం 400. ఆ 14 సెంట్ల తేడా తంబురా పక్కన స్పష్టంగా తెలుస్తుంది.

మామూలు లాగ్ మీటకు ఆధారం 10, దాంతో జవాబు తప్పుతుంది. ఆధారానికి గడి ఉన్న లాగ్ మీటే వాడాలి.

నాలుగు పంచమాలు పేర్చి రెండు స్థాయిలు దించితే 81/64. దాన్ని 5/4తో భాగిస్తే 81/80, అంటే 21.5 సెంట్లు. ఇంత సూక్ష్మమైన తేడా భిన్నంగా తెరపై కనిపించడమే దీని గొప్ప.

పెద్ద భిన్నాలకు మాత్రం చాలదు. పన్నెండు పంచమాలను ఏడు స్థాయిలు దించితే 531441/524288 రావాలి; అంకెలు పది దాటడంతో 1.013643265 అనే దశాంశమే చూపిస్తుంది.