కాళ్ళ క్లినిక్కే, కానీ లిఫ్ట్ లేదు (5కి 4 స్టార్లు)

ముందే చెప్తున్నా, ఆ ఒక్క స్టార్ కట్ చేసింది మెట్లకే. నల్లకుంటలో సందులోపల బిల్డింగ్, కింద కర్రీ పాయింట్, దాని మీద ట్యూషన్ సెంటర్, ఆ పైన ఈ ఫిజియోథెరపీ క్లినిక్. మోకాళ్ళు అరిగినోళ్ళు, కాళ్ళు విరిగినోళ్ళు వచ్చే చోటుకి 38 మెట్లు పెట్టిన మహానుభావుడెవరో గానీ నేనైతే మొదటిరోజు ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ ఎక్కా, అందుకే లెక్క అంత కరెక్ట్‌గా తెలుసు.

ఆదివారం పొద్దున షటిల్ ఆడుతూ వెనక్కి ఎగిరి స్మాష్ కొట్టబోయి పార్ట్‌నర్ షూ మీద దిగా. కుడి పాదం లోపలికి మడత పడింది, టప్ మని సౌండ్ కూడా వచ్చింది. ఇంటికొచ్చేసరికి బయటి గిలక దగ్గర కోడిగుడ్డంత వాపు. మా అత్తమ్మ వేడి కాపడం పెట్టి జండూ బామ్ తో గట్టిగా రుద్దింది, పాపం ప్రేమగానే, కానీ తెల్లారేసరికి గుడ్డు కాస్తా బత్తాయి అయింది. మామయ్యేమో "పుత్తూరు కట్టు కట్టించుకో అల్లుడూ" అని ఒకటే గోల. ఫ్రెండ్ మాట విని ఒక పెద్ద హాస్పిటల్ కి వెళ్తే అక్కడ కాలు ముట్టుకోకముందే ఎమ్మారై రాసిచ్చారు, పేరు మాత్రం అడగకండి. ఆ చీటీ జేబులో పెట్టుకునే ఇక్కడికి వచ్చా.

ఇక్కడి ఫిజియో మేడం చీటీ పక్కన పెట్టేసి "దెబ్బ తగిలాక నడిచారా, ఇప్పుడు నాలుగడుగులు వెయ్యగలరా" అని అడిగింది. కుంటుతూ వేశా. తర్వాత బొటనవేలితో గిలక ఎముక వెనక అంచు, దాని కింది కొస, పాదం బయటి పక్క మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ఎముక, లోపలి పక్క ఇంకోటి, ఇలా ఒక్కోటి నొక్కుతూ నా మొహం చూస్తోంది. ఎక్కడా అరవలేదు. గిలకకి కొంచెం ముందు మెత్తటి చోట నొక్కగానే మాత్రం అమ్మా అన్నా. ఎముక మీద నొప్పి లేదు, నాలుగడుగులు పడ్డాయి, కాబట్టి ఎక్స్ రే కూడా అవసరం లేదంది. 1992లో కెనడాలో ఒట్టావా డాక్టర్లు పెట్టిన రూల్ అంట ఇది. గిలక ముందు పక్క ఉండే లిగమెంటే (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) అందరికీ ముందు దెబ్బ తినేది, నాది సగం చిరిగినట్టుంది, ఆరు వారాలకి కూడా తగ్గకపోతే అప్పుడు ఎమ్మారై సంగతి చూద్దాం అంది. ఫీజు 600, హాస్పిటల్ చీటీలో ఉన్న రేటు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఐస్ గురించి అడిగితే, నొప్పికి పది పదిహేను నిమిషాలు గుడ్డలో చుట్టి పెట్టుకోండి, అదే వైద్యం అనుకోకండి అంది. రెస్టు, ఐసు, కట్టు, కాలు ఎత్తున పెట్టడం అనే ఫార్ములా 1978లో రాసిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్ గారే 2014లో ఐస్ వల్ల మానడం లేటవ్వచ్చని మాట మార్చుకున్నారంట. మొదటి రెండు మూడు రోజులు కాపడం, మాలిష్ మాత్రం అస్సలు వద్దంది. ఇది ఇంట్లో ఎలా చెప్పాలో నాకు అర్థం కాలేదు, ఇంతవరకు చెప్పలేదు కూడా.

ఇక్కడ కరెంటు మెషిన్లు పెట్టి పడుకోబెట్టి పంపరు, పని చేయిస్తారు. మొదట కుర్చీలో కూర్చోబెట్టి గాల్లో బొటనవేలితో అ ఆ లు రాయించింది, ఏబీసీడీలు కాదు, మన అక్షరాల్లో గుండ్రాలెక్కువ కాబట్టి పాదం అన్ని వైపులా తిరుగుతుందంట. ఋ రాసేటప్పుడు ప్రాణం పోయింది. తర్వాత రబ్బర్ బ్యాండ్ కట్టి బయటికి లాగడం, మెట్టు అంచున నిలబడి మడమలు లేపడం, పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం, అది వచ్చాక కళ్ళు మూసుకుని. పదో రోజుకి నొప్పి పోయింది కదా అని నేను గుట్టుగా కోర్టుకెళ్ళొచ్చా. మేడం కనిపెట్టేసి కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది, ఎడమ కాలు మీద 20 సెకన్లున్నా, కుడి మీద నాలుగో సెకనుకే గోడ పట్టుకున్నా. నొప్పి పోయినా బ్యాలెన్స్ రాలేదు, ఒకసారి బెణికిన కాలే మళ్ళీ బెణుకుతుంది సార్ అంది. ఇంకేం మాట్లాడను.

నా షూ కూడా తెప్పించి చూసింది. రన్నింగ్ షూ, కింద దిండంత సోల్, అది ముందుకి పరిగెత్తడానికి బాగుంటుంది గానీ పక్కలకి కదిలే ఆటలో ఆ ఎత్తు మీద నుంచే కాలు దొర్లుతుంది. సోల్ పల్చగా ఉండే నాన్ మార్కింగ్ (కోర్టు మీద మరకలు పడనివి) షటిల్ షూ కొనమంది, ఆడేటప్పుడు కొన్నాళ్ళు బ్రేస్, అంటే గిలకని పట్టి ఉంచే పట్టీ, వేసుకోమంది.

నాకు నమ్మకం కుదిరింది మాత్రం నా కాలు చూసినప్పుడు కాదు. ఒక సాయంత్రం ఒక అంకుల్ వచ్చారు, రెండ్రోజుల క్రితమే అమెరికా నుంచి దిగారంట, పిక్క పట్టేసిందమ్మా కొంచెం మసాజ్ చెయ్యండి అన్నారు. మేడం చెయ్యి వెయ్యలేదు. టేప్ తీసి రెండు పిక్కలూ ఒకే ఎత్తులో కొలిచింది, తేడా మూడు సెంటీమీటర్ల పైనే ఉంది. వెంటనే కూర్చోబెట్టి, ఇది కండ పట్టడం కాకపోవచ్చు, విమానంలో అంతసేపు కదలకుండా కూర్చున్నారు కదా, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకి వెళ్తే ప్రమాదం, ఇప్పుడే డాప్లర్ స్కాన్ (నరాల్లో రక్తం ఎలా పారుతోందో చూసేది) చేయించాలి అని కొడుక్కి ఫోన్ చేయించి హాస్పిటల్ కి పంపింది. ఫీజు తీసుకోలేదు.

కంప్లైంట్లు ఇంకా ఉన్నాయి. ఆరింటికి అపాయింట్‌మెంట్ అంటే ఆరూ నలభైకి పిలుస్తారు, కుర్చీలు నాలుగే, ఫ్యాన్ ఒక్కటే, కింద నుంచి గోంగూర పోపు వాసన వచ్చి ఆకలి దంచేస్తుంది. తర్వాతి సిట్టింగ్ లు 400, నాకు ఎనిమిది పట్టాయి. బండి కర్రీ పాయింట్ ముందు పెడితే ఓనర్ తిడతాడు, మెయిన్ రోడ్డు మీదే పెట్టండి. షార్ట్స్ వేసుకెళ్ళండి, నేను టైట్ జీన్స్ తో వెళ్ళి కర్టెన్ వెనకాల వాచిన కాలితో పావుగంట కుస్తీ పట్టా.