22 వేల స్కోపు, మూడేళ్ల వాడకం, ఒక స్టీలు స్కేలు

స్కోపు, అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి, కొనే ప్రతివాడూ ముందు అడిగేది "జూమ్ ఎంత?" అనే. 2021లో ఏడున్నర వేలు పెట్టి మొదటిది కొన్నప్పుడు నేనూ అదే అడిగాను. ఫలితంగా ఎనిమిది నెలల శనివారాలు, మూడు డబ్బాల పెల్లెట్లు (గాలి తుపాకీలో వేసే గుండ్లు), బామ్మర్ది దగ్గర మిగిలిన కాస్త పరువు పోయాయి. అందుకే జూమ్, ట్యూబు సైజు, లెన్సు కోటింగ్ గురించి ఇక్కడ రాయను. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. డబ్బా మీద ఉండనిది టరెట్ సంగతి, అంటే గురిని పైకీ కిందికీ జరపడానికి తిప్పే నాబ్ సంగతి. నా కోపమైనా, సంతోషమైనా దాని మీదే.

ముందు నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష మీకు పనికొస్తుందో లేదో తేలదు. ఉండేది బెంగళూరు హూడిలో, అపార్ట్‌మెంట్లో. కాల్చేది పలమనేరు దగ్గర బామ్మర్ది మామిడి తోటలో, నెలకు ఒకటి రెండుసార్లు. నీటి గుంట తవ్వినప్పుడు పోసిన ఎర్రమట్టి గుట్ట ఉందక్కడ, ఇంటికంటే ఎత్తు. దాని ముందు కాగితం పెట్టి కాలుస్తాను. కాగితం తప్ప ఇంకేదీ కాల్చను. పిట్టల గురించి అడిగేవాళ్లు 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒకసారి చదువుకోండి. తుపాకీ మన దేశంలో తయారైన పీసీపీ (సిలిండర్లో ముందే నింపిన గాలితో పేలే గాలి తుపాకీ), 4.5 ఎంఎం. 20 జౌల్స్ లోపు శక్తి కాబట్టి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కర్ర బట్ తీసేసి అల్యూమినియం చాసిస్ (చట్రం) వేయించాను, ముందు రెండు కాళ్ల బైపాడ్ పెట్టాను, పైన స్కోపు కూర్చునే రైల్ బిగించాను. మిగిలింది స్కోపు.

ఈ చిన్న తుపాకీకి లాంగ్ రేంజ్ అంటే నవ్వొస్తుంది కదా. కానీ లెక్క చూడండి. 10.3 గ్రెయిన్ల బరువున్న పెల్లెట్, సెకనుకు 780 అడుగుల వేగం. 30 మీటర్లకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో స్కోపులోని క్రాస్‌హెయిర్ (అడ్డం నిలువు గీతలు) ఎక్కడుంటే గుండు అక్కడే పడేలా సరిచేస్తే, 50 మీటర్ల దగ్గర ఏడెనిమిది సెంటీమీటర్లే కిందికి దిగుతుంది. 100 మీటర్లకు వెళ్లేసరికి దాదాపు 80 సెంటీమీటర్లు. అంటే 8 మిల్ (మిల్ అంటే కోణం కొలత, 100 మీటర్ల దగ్గర ఒక మిల్ పది సెంటీమీటర్లు). పెద్ద రైఫిల్ వాళ్లు ఎంతో దూరం వెళ్తేగానీ తిప్పనంత టరెట్ మేం మామిడి తోటలోనే తిప్పేస్తాం. కాబట్టి టరెట్ ఎంత తిప్పితే క్రాస్‌హెయిర్ అంతే కదలాలి, వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. చవక స్కోపులో కంపెనీ డబ్బు మిగుల్చుకునేది కూడా సరిగ్గా అక్కడే.

ఆ మొదటి స్కోపులో లోపల మిల్‌డాట్ గీతలు, బయట పావు ఎంఓఏ క్లిక్కులు. అంటే గీతలు మిల్ లెక్కలో, టరెట్ టిక్కుమనే ఒక్కో మెట్టు ఎంఓఏ అనే ఇంకో కోణం కొలతలో. పొలం ఎకరాల్లో కొని అంకణాల్లో అమ్మినట్టు, ప్రతి గుండుకూ ఒక గుణకారం. అది భరించాను. జీరో బాగానే కుదిరింది. బొమ్మ కూడా నిజంగా బాగుండేది. పక్క చెట్టు మీద చీమలు కనిపిస్తున్నాయని ఇంట్లో ఫోన్ చేసి చెప్పాను కూడా. 100 మీటర్లకు 110 క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ తిప్పి కాలిస్తే, గుండ్లన్నీ నల్ల చుక్కకు నాలుగు వేళ్లు కింద. సరే, ఇంకో పద్దెనిమిది క్లిక్కులు. ఇప్పుడు పైన. తిరిగి 30 మీటర్లకు వస్తే, పొద్దున జీరో చేసిన తుపాకీ సెంటీమీటరు పైకి కొడుతోంది.

ఇలాంటప్పుడు మనిషి స్కోపును తప్ప అన్నింటినీ అనుమానిస్తాడు. గాలి అనుకున్నాను, ఊపిరి అనుకున్నాను. సిలిండర్లో ప్రెషర్ తగ్గుతోందని ప్రతి పది గుండ్లకూ చేతి పంపు కొట్టి చెమటలు కక్కాను. నగల షాపుల్లో వాడే చిన్న త్రాసు కొని పెల్లెట్లను ఒక్కొక్కటిగా తూచాను. రాత్రి పదకొండింటికి టీవీ ముందు పెల్లెట్లు తూచే మొగుణ్ని మా ఆవిడ ఎలా చూసిందో రాయలేను. "బావా, నీ చెయ్యి వణుకుతోందేమో ఒకసారి డాక్టరుకు చూపించుకో" అన్నాడు బామ్మర్ది. ఆ మాట బాగా గుచ్చుకుంది.

గుచ్చుకున్నందుకే తుపాకీని పక్కనపెట్టి స్కోపు ఒక్కదాన్నే పరీక్షిద్దామనుకున్నాను. ఎస్పీ రోడ్డుకెళ్లి ఒక బెంచ్ వైస్, 60 సెంటీమీటర్ల స్టీలు స్కేలు కొన్నాను. మా బేస్‌మెంట్ పార్కింగ్‌లో రాత్రి పదిన్నర దాటాక ఓ స్తంభానికి స్కేలును నిలువుగా టేపుతో అంటించాను. సరిగ్గా 20 మీటర్లు టేపు పట్టి కొలిచి, చెక్క మీద వైస్ బిగించి, చెక్క కదలకుండా అటూ ఇటూ రెండు నిండు వాటర్ క్యాన్లు పెట్టాను. పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి స్కోపును వైస్‌లో పట్టించాను. తుపాకీ పైన ఇంట్లోనే ఉంది, కిందికి తెచ్చింది స్కోపునొక్కటే. ఫోన్ టార్చ్ స్కేలు మీదికి తిప్పి పెట్టాను.

లెక్క సులువే. 20 మీటర్ల దూరంలో 40 ఎంఓఏ అంటే 23.3 సెంటీమీటర్లు. 160 క్లిక్కులు తిప్పాను. క్రాస్‌హెయిర్ 20.5 దగ్గరే ఆగింది. నూటికి పన్నెండు వంతులు ఎగ్గొట్టింది! తోటలో నాలుగు వేళ్లు ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది. వెనక్కి 160 తిప్పితే మొదలుపెట్టిన గీతకు రాలేదు, ఆరు మిల్లీమీటర్ల ముందే ఆగిపోయింది.

అప్పుడే మా వాచ్‌మన్ వచ్చాడు. మదనపల్లె ఆయన, పెద్దాయన. "ఏంది సార్ ఇది, కెమెరానా?" అన్నాడు. కాదు పెద్దాయనా, దుర్భిణి లాంటిది, చెడిపోయింది, చూస్తున్నా అన్నాను. నేనూ చూస్తానంటూ వంగి కన్ను పెట్టాడు. ఎక్కడో చదివింది గుర్తొచ్చి, ఆయన చూస్తుండగానే స్క్రూడ్రైవర్ పిడితో టరెట్ మీద మెల్లగా రెండు దెబ్బలు వేశాను. "సార్, గీత దూకింది!" అని అరిచినంత పని చేశాడు. నేను చూస్తే నిజమే, నాలుగు మిల్లీమీటర్లు కిందికి జారి ఉంది. లోపలి ట్యూబును టరెట్ స్క్రూకు ఆనించి ఉంచే స్ప్రింగ్ బలహీనంగా ఉంటే ఇలా అవుతుంది. స్క్రూ వెనక్కి వెళ్తుంది కానీ ట్యూబు దాని వెంట పోకుండా ఎక్కడో పట్టేసుకుంటుంది. తర్వాతి గుండు కుదుపుకు జారుతుంది. అంటే నేను కాల్చిన ప్రతి మొదటి గుండూ స్కోపును తట్టి లేపడానికే పోయిందన్నమాట. నా చేతుల్లో ఏ రోగమూ లేదు.

అమ్మిన షాపువాళ్లు "గ్లాస్ క్లియర్‌గానే ఉంది కదా సార్" అన్నారు. అంతకు మించి వాళ్లతో మాట్లాడలేదు.

ఇక అసలు స్కోపుకు వస్తాను. 2022 వేసవిలో 22 వేలకు తీసుకున్నాను. 6-24×50 (జూమ్ 6 నుంచి 24 రెట్లు, ముందు లెన్సు 50 ఎంఎం), ఎఫ్‌ఎఫ్‌పీ, అంటే జూమ్‌తో పాటు లోపలి గీతలూ పెరిగేది, లోపలా బయటా మిల్లే (ఒక్కో క్లిక్కు మిల్‌లో పదో వంతు), పారలాక్స్ (దూరాన్ని బట్టి బొమ్మను సరిచేసే నాబ్) 10 మీటర్ల నుంచి. కంపెనీ పేరు కావాలని రాయడం లేదు, కారణం ఇంకాస్త కిందికి వస్తే తెలుస్తుంది. డబ్బా విప్పిన రాత్రే వైస్‌లో పెట్టాను. 10 మిల్ తిప్పితే 20 మీటర్లకు సరిగ్గా 20 సెంటీమీటర్లు కదలాలి. కదిలింది. పెన్సిల్ గీత మందం కూడా తేడా లేదు. వెనక్కి తిప్పితే మొదటి గీత మీదే కూర్చుంది. పిడితో కొట్టాను, కదల్లేదు. పదిసార్లు తిప్పాను. స్కోపు కొని అంత హాయిగా నిద్రపోవడం అదే మొదటిసారి.

అప్పటినుంచి తోటకు వెళ్లడం వేరే అనుభవం అయిపోయింది. 30 మీటర్ల దగ్గర రెండు గుండ్లు కాల్చి చూసుకుంటాను, తర్వాత 80 క్లిక్కులు తిప్పి నేరుగా 100 మీటర్ల కాగితం మీదికి వెళ్లిపోతాను. గాలి లేని ఉదయం ఐదు గుండ్లు టీ కప్పు సాసర్లో పడతాయి. అంతకంటే చిన్నగా రాకపోతే తప్పు గాలిదో నాదో, టరెట్‌ది మాత్రం కాదు. ఆ సంగతి ఖాయంగా తెలియడం ఎంత తేలికో, ఎనిమిది నెలలు తెలియక బాధపడ్డవాడికే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి 30 ఎంఎం ట్యూబుల్లో పైకీ కిందికీ కలిపి 17, 18 మిల్ కదలిక ఉంటుంది. సగం పైకి అనుకుంటే తొమ్మిదిలోపు. 30 మీటర్ల జీరోకే నాలుగున్నర అయిపోతుంది. మిగిలిన నాలుగుతో 100 మీటర్లు అందదు. నేను ముందుకు వాలిన 20 ఎంఓఏ మౌంట్ (స్కోపును రైల్ మీద పట్టి ఉంచే బిగింపు) వేశాను, దానివల్ల ఇంకో 5.8 మిల్ కలిసొచ్చింది. మామూలు మౌంట్ వేసుకుని "టరెట్ మధ్యలో ఆగిపోయింది" అని స్కోపును తిట్టకండి.

అంత మెచ్చుకున్నాక చెప్పక తప్పనివి కొన్ని ఉన్నాయి. 24 ఎక్స్ ఉందన్న మాటే గానీ నేను 16 దాటించను. 50ని 24తో భాగిస్తే కంటికి అందే వెలుతురు రెండు మిల్లీమీటర్ల చుక్కే. సాయంత్రం ఐదున్నర దాటితే కన్ను అంగుళం పక్కకు జరగగానే అంతా చీకటి. పారలాక్స్ నాబ్ మీద 50 అని ఉన్నచోట నాకు 42 మీటర్లకే బొమ్మ స్పష్టంగా వస్తుంది. తెల్ల మార్కర్‌తో నా గుర్తులు పెట్టుకున్నాను. మౌంట్‌తో కలిపి కిలో దాటుతుంది, నిలబడి కాల్చాలంటే భుజం పడిపోతుంది. అసలు కదలదని చెప్పిన జీరో, పోయిన ఏప్రిల్లో మూడు క్లిక్కులు పక్కకు జరిగింది. ఆ వారమే కొత్త డబ్బా పెల్లెట్లు విప్పాను. కారు డిక్కీలో ఎండకు స్కోపు చేయి పెట్టలేనంత వేడెక్కింది కూడా. పెల్లెట్లా, ఎండా, స్కోపా అన్నది తేల్చుకోలేదు. మళ్లీ వైస్‌లో పెడితే క్లిక్కులు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు పేరు ఎందుకు రాయలేదో చెప్తాను. నన్ను చూసి చెన్నైలో ఉండే మా స్నేహితుడు అదే మోడల్, అదే నెలలో కొన్నాడు. పండక్కి వచ్చినప్పుడు దాన్నీ పార్కింగ్‌లోకి దించాం. 10 మిల్‌కు 19.5 సెంటీమీటర్లు. రెండున్నర శాతం తక్కువ. ఎన్నిసార్లు తిప్పినా అంతే తక్కువ, వెనక్కి మాత్రం సరిగ్గా వస్తోంది. అబద్ధమైనా రోజూ ఒకటే చెబితే లెక్కలో కలుపుకోవచ్చు. వాడు 80 బదులు 82 తిప్పుతాడు, అంతే. కానీ నేను మోడల్ పేరు చెబితే మీకు నా పీసు వస్తుందా, వాడి పీసు వస్తుందా, ఇంకా అధ్వానమైనది వస్తుందా? ఈ ధరలో మీరు కొనేది మోడల్‌ను కాదు, పీసును. వాపసు తీసుకుంటారో లేదో ముందే అడిగి కొనండి. వచ్చిన రాత్రే కొలవండి. 20 మీటర్ల దూరం కచ్చితంగా కొలవాలి సుమా, ఒక్క జానెడు తప్పితేనే ఒక శాతం తేడా వచ్చేస్తుంది.

నా మాట ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. పీసీపీకి కుదుపు దాదాపు ఉండదు. స్ప్రింగ్ తుపాకీ వెనక్కీ ముందుకీ రెండువైపులా తంతుంది, మంచి స్కోపులే పాడైపోతాయి, దాని మీద ఇది మూడేళ్లు బతికేదని నేను అనలేను. లైసెన్సున్న పెద్ద రైఫిల్‌కు కొనేవాళ్లకూ నా అనుభవం సరిపోదు. పిల్లల్ని అకాడమీలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు చేర్చినవాళ్లకు అసలు స్కోపే అక్కర్లేదు, పోటీల్లో అనుమతించరు. తోటలో 100 మీటర్ల కాగితం, గాలి తుపాకీ, పాతిక వేల లోపు బడ్జెట్ ఉన్నవాళ్లయితే, నాకు దొరికినలాంటి పీసు దొరికితే, తీసుకోవచ్చు.

స్నేహితుడు స్కోపులు మార్చుకుందామని ఇప్పటికి రెండుసార్లు అడిగాడు. పైన రెండు వేలు కూడా ఇస్తానన్నాడు. నేను ఇవ్వలేదు.