ఛాతీలో రాడ్డుతో మూడేళ్లు, తీయించాక ఇన్నాళ్లు: నస్ ఆపరేషన్ గురించి నా మాట

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మా వీధివాళ్లే కాదు, పాతపట్నం, గుణుపూరు వైపు నుంచి కూడా ఫోన్లు చేసి అడుగుతుంటారు: "మా బాబుకి ఛాతీ గుంట ఉంది, ఆపరేషన్ చేయించీమంటావా?" ఛాతీలో రాడ్డు పెట్టి గుంటని పైకి లేపే ఈ నస్ ఆపరేషన్ చేయించుకున్నవాడిని కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. కొలత చూసి, అవసరముండి చేయిస్తే ఇది మంచి ఆపరేషనే. కాకపోతే తొలి నెలల నొప్పికి ఇల్లంతా ముందే సిద్ధపడాలి.

నాకు పుట్టినప్పటినుంచీ కొంచెం గుంట ఉండేదట. "నూనె రాసి పైకి లాగితే సర్దుకుంటాది" అనేది మా నాయనమ్మ. సర్దుకోలేదు సరికదా, ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో ఇంకా లోపలికి పోయింది. పక్కటెముకల్ని రొమ్ము ఎముకతో కలిపే మృదులాస్థి పెరుగుదల తేడాగా ఉండటం వల్ల వచ్చేది ఇది. ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువ. చెరువులో ఈతకి చొక్కా విప్పాలంటే ఎంత నరకమో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. దాన్ని "అందం కోసం" అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపం. అయితే మా నాన్న ఒప్పుకున్నది దానికి కాదు. శివరాత్రికి మహేంద్రగిరి వెళ్తే నా ఈడువాళ్లు కుంతి గుడి దాటి పోతుంటే నేను ఆయాసంతో రాయి మీద కూలబడిపోయేవాడిని. అది ఆయన కళ్లారా చూశాడు.

సీటీ స్కాన్‌లో ఛాతీ లోపలి వెడల్పుని, గుంట దగ్గర రొమ్ము ఎముకనుంచి వెన్నెముకకి ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేదాన్ని హాలర్ ఇండెక్స్ అంటారు. మామూలుగా 2.5 దగ్గర ఉంటుంది. 3.25 దాటితే ఆపరేషన్ ఆలోచిస్తారు. నాది 4 దాటింది. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె ఎడమకి జరిగి, కుడి గది మీద ఒత్తిడి ఉన్నట్టు తేలింది. మీ పిల్లవాడికి ఈ రెండు పరీక్షలూ అవకుండా ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇస్తే తీసుకోవద్దు. మనిషి సన్నగా పొడుగ్గా ఉండి, వేళ్లు కూడా పొడవైతే మార్ఫాన్ సిండ్రోమ్ (ఒంట్లోని అవయవాల్ని పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బు) ఉందేమో చూడమని అడగండి.

పాత పద్ధతి రావిచ్ అనే సర్జన్‌ది, 1949 నాటిది. ఛాతీ ముందు కోసి, వంకరపోయిన మృదులాస్థిని తీసేస్తారు. అమెరికాలో డోనాల్డ్ నస్ అనే పిల్లల సర్జన్ 1987లో మొదలుపెట్టిన పద్ధతిలో ఆ కోత లేదు. చంకల కింద రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి, కెమెరాలో చూసుకుంటూ, గుండెకి ముందు, రొమ్ము ఎముకకి వెనక నుంచి వంచిన స్టీలు రాడ్డు పంపించి తిప్పుతారు. ఎముక అక్కడికక్కడే పైకి లేస్తుంది. స్టీలులో ఉండే నికెల్ పడనివాళ్లకి టైటానియంది వేస్తారు. ఆయన 1998లో పదేళ్ల ఫలితాలు ప్రచురించారు. అందులో బాగా రానివాటికి కారణాలు రాడ్డు మెత్తగా ఉండటం, తొందరపడి తీసేయడం వంటివే. అందుకే ఏడాదికే "ఇక తీసేయండి సార్" అని నేను బతిమాలితే మా డాక్టరు ఒప్పుకోలేదు. అది ఆయన నాకు చేసిన మేలు.

ఇక నొప్పి. దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. వెన్నులో నొప్పి మందు ఎక్కించే ఎపిడ్యూరల్ గొట్టం ఉన్నంతసేపూ పర్లేదు. అది తీశాక ఇనప కట్లు బిగించిన పీపాలో ఇరుక్కున్నట్టుంటుంది. తుమ్ము వస్తుందంటే భయం. పక్కకి తిరిగి లేవడం కుదరదు. మా అమ్మ మెడ వెనక చెయ్యి వేసి, నిటారుగా లేపి కూర్చోబెట్టేది. ఆ పని నేర్చుకున్న మనిషి ఇంట్లో ఒకరుండాలి. మూడు బంతుల గొట్టం ఇస్తారు, ఊపిరి లోపలికి పీల్చి బంతులు లేపడానికి. మూడో బంతి లేవడానికి నాకు చాలాకాలం పట్టింది, అయినా మానలేదు. ఇప్పుడు కొన్నిచోట్ల పక్కటెముకల నరాల్ని చల్లదనంతో మొద్దుబార్చే పద్ధతి వచ్చింది. మీ సర్జన్ దగ్గర ఉందో లేదో తప్పకుండా అడగండి. నేను మళ్లీ చేయించుకోవాల్సి వస్తే మొదట అడిగేది అదే.

సర్కారు ఆరోగ్య కార్డు సంగతి కూడా చెప్పాలి. మనం విశాఖ పరిగెడతాం గానీ ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకి వర్తించదు. ఒడిశా కార్డు ఆ ఆస్పత్రిలో, ఈ ఆపరేషన్‌కి చెల్లుతుందో లేదో చేరకముందే కాగితం మీద రాయించుకోండి. మాకు ఒకచోట నోటిమాటగా అవునని, చేరాక కాదన్నారు. రాడ్డు తీయడానికి ఇంకో ఆపరేషన్ ఉంటుందని, దానికీ ఖర్చుంటుందని లెక్కలో వేసుకోండి.

రాడ్డుతో బతకడం మొదటి ఏడాది తర్వాత తేలికే. బరువు సంచులు, కబడ్డీ, నడుం తిప్పే పనులు తొలి నెలల్లో పూర్తిగా బంద్, ఎందుకంటే రాడ్డు జరిగిందంటే మళ్లీ టేబులెక్కాలి. గుంతల రోడ్లో ఆటో ఎక్కనిచ్చేవారు కాదు. చలికాలంలో పక్కన చర్మం కింద రాడ్డు కొస చేతికి గట్టిగా తగిలేది. జేబులో ఒక చీటీ ఉండేది: ఛాతీలో స్టీలు రాడ్డు ఉంది, గుండె ఆగితే ఛాతీ ఇంకా బలంగా నొక్కాలి, షాక్ ప్యాడ్లు ముందొకటి, వీపున ఒకటి పెట్టాలి అని. స్కూల్లో పీటీ సార్‌కి కూడా ఒడియాలో రాసిచ్చాం.

ఫలితమా? గుంట పోయింది, తిరిగి రాలేదు. కుడిపక్క కింది పక్కటెముకలు కాస్త బయటికి పొడుచుకుని ఉన్నాయి, చంకల కింద రెండు మచ్చలున్నాయి. ఊపిరి పరీక్ష అంకెలు పెద్దగా మారలేదు, గుండెకి చోటు దొరకడమే అసలు లాభం అన్నారు డాక్టరు. కొండెక్కేటప్పుడు ఆ తేడా నాకు తెలుస్తుంది.

మా చిన్నాన్న కొడుక్కీ ఇదే ఉంది. వాడి ఇండెక్స్ 2.9, ఎకో మామూలుగా ఉంది. వాడికి ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు అన్నారు, నేనూ అదే అన్నాను. గాలి లాగి గుంటని పైకెత్తే వాక్యూమ్ బెల్ తెప్పించుకుని రోజూ పెట్టుకుంటున్నాడు. వంగి కూర్చోవడం మానిపించడానికి మా పిన్ని వాడి వెంట పడుతోంది.