దరఖాస్తు బాగానే కొట్టారు, కానీ వేరే గుమ్మానికి

విజయనగరం గంటస్తంభం దగ్గర్లో ఉన్న ఒక నెట్ సెంటర్ గురించి. పేరు రాసి వాళ్ల బేరం పాడుచేయడం ఇష్టం లేదు. మా చిన్నాన్నకి తప్పెటగుళ్ల జట్టుంది (గజ్జెలు కట్టి తప్పెట వాయిస్తూ ఆడే మన జానపద కళ), గురువుకీ నేర్చుకునే శిష్యులకీ కేంద్రం నెలనెలా ఇచ్చే గురుశిష్య పరంపర గ్రాంటుకి పెట్టిద్దామని ఫైలు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. జెరాక్స్, స్కానింగ్, టైపింగ్ వరకు వంక పెట్టడానికి లేదు, మడత దగ్గర చిరిగిపోయిన పాత ప్రశంసాపత్రాన్ని కూడా అక్షరాలు కనిపించేలా స్కాన్ చేసిచ్చారు.

గొడవంతా తర్వాతే. కౌంటర్లో కుర్రాడు "కళాకారుల డబ్బులంటే సంగీత నాటక అకాడమీయే సార్, ఢిల్లీలో అంతా ఒకటే" అని గంటన్నర కూర్చోబెట్టి, చిన్నాన్న సొంత పేరు, సొంత బ్యాంకు ఖాతా పెట్టి ఏదో నింపేసి 400 తీసుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే అది మాక్కావలసిన గ్రాంటే కాదు. మాక్కావలసింది నడిపేది కేంద్ర సాంస్కృతిక శాఖ, కళా సంస్కృతి వికాస్ యోజన అనే పథకం కింద. గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసుని బట్టి 2,000 నుంచి 10,000, అదీ రిజిస్టరైన సంస్థ పేరు మీదే, ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు) నంబరు ఉండాలి.

అకాడమీకి కూడా డబ్బిచ్చేది ఆ శాఖే, కానీ దాని కాపురం వేరు. 1952లో ప్రభుత్వ తీర్మానంతో పుట్టి, 1953 జనవరిలో మొదలైంది, మొదటి చైర్మన్ మన తెలుగాయనే, పి.వి. రాజమన్నార్. చైర్మన్‌ని రాష్ట్రపతి నియమిస్తారు, కింద జనరల్ కౌన్సిల్, ఎగ్జిక్యూటివ్ బోర్డు, లెక్కలకి ఫైనాన్స్ కమిటీ, రోజువారీ పనికి సెక్రటరీ. మన వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి 1953లో అవార్డిచ్చింది వీళ్లే. తమాషా ఏంటంటే, అంత పెద్ద అకాడమీ కూడా చట్టం ప్రకారం ఒక సొసైటీయే, 1961లో రిజిస్టరైంది. మేమేమో సంఘం రిజిస్ట్రేషన్ లేకుండానే పాతికేళ్లుగా గజ్జెలు కట్టేస్తున్నాం.

సాహిత్యానికీ చిత్రకళకీ వేరే అకాడమీలు, రెండూ 1954లో వచ్చినవే. జట్లని పిలిచి ఉత్సవాల్లో ఆడించడానికి ఏడు జోనల్ సాంస్కృతిక కేంద్రాలున్నాయి, మనకి తంజావూరుది వర్తిస్తుంది. అరవై దాటిన కళాకారులకిచ్చే సాయం మళ్లీ సాంస్కృతిక శాఖ స్కీమే. ఇదంతా విని చిన్నాన్న, "పైడితల్లి పండక్కి గుడికాడ ఆడితే పొద్దుగూకేసరికి చేతిలో డబ్బు పెడతారు, దీనికి ఇన్ని గుమ్మాలేంట్రా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మళ్లీ వెళ్లి అడిగాను, కాస్త గట్టిగానే. కుర్రాడు నసిగాడు గానీ, లోపల కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయి లేచొచ్చి స్కీము నిబంధనలు ప్రింటు తీసి, ముందు సొసైటీ రిజిస్ట్రేషన్, తర్వాత సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆ తర్వాతే దర్పణ్ అని వరసగా చీటీ మీద రాసిచ్చింది, దానికి రూపాయి కూడా తీసుకోలేదు. 400లో 200 వెనక్కిచ్చారు.

నా రేటింగ్ ఐదుకి మూడు. స్కానింగ్‌కి వెళ్లండి, కానీ ఏ స్కీమో, ఎవరిదో కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆ అమ్మాయి ఉందో లేదో కూడా చూసుకోండి, మధ్యాహ్నం భోజనానికి వెళ్తే నాలుగింటిదాకా రాదు.