యుద్ధానికి డబ్బు: పన్ను, అప్పు, కోత, ధరలు... ఏది మేలు?

దేశ రక్షణ ముందా, ఇంటి ఖర్చు ముందా అని అడిగితే చాలు, ఒడిశాలోని మా బరంపురంలో ఏ టీ కొట్టు దగ్గరైనా రెండు పక్షాలు తయారవుతాయి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పటి నుంచి ఈ గొడవ ఇంకా ముదిరింది. గోపాలపూర్‌లో సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కాబట్టి రక్షణ ఖర్చంటే మాకు టీవీలో మాత్రమే కనిపించే సంగతి కాదు. పెద్ద బజారులో కిరాణా కొట్టున్న మా బావ బీజేపీ. మా చిన్నాన్న రిటైరైన టీచరు, బీజేడీ నాయకుడు నవీన్ పట్నాయక్ పేరెత్తితే ఇప్పటికీ మెత్తబడే మనిషి.

"దేశమంటూ మిగిలితే కదా మావయ్యా, బియ్యం పంచేది" అని బావ అంటాడు. "కడుపు మాడుతుంటే తుపాకీ చూసి నిండుతుందా అల్లుడూ" అని చిన్నాన్న.

ఇద్దరి వాదనా నాకు సగమే అనిపిస్తుంది. సైన్యానికి డబ్బివ్వాలా వద్దా అనే దగ్గర మన పెద్ద పార్టీల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరొచ్చినా ఇస్తారు. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది, ఎప్పుడు, చెప్పి తీస్తారా చెప్పకుండా తీస్తారా అన్నదే అడగాల్సింది. దారులు నాలుగు: పన్ను వెయ్యడం, అప్పు చెయ్యడం, వేరే ఖర్చు కొయ్యడం, నోరు మూసుకుని ధరలు పెరగనివ్వడం. నా ఓటు పన్నుకే, కొన్ని షరతులతో. ఎందుకో చెబుతాను.

పన్ను

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ 1963. చైనాతో యుద్ధం 1962 నవంబరులో ఆగింది. మూడు నెలలకే ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ తెచ్చిన బడ్జెట్‌లో రక్షణకు 867 కోట్లు పెట్టారు. ముందు ఏడాది బడ్జెట్ అంచనాకు అది రెట్టింపు పైనే. ఆ డబ్బు కోసం కంపెనీలకు ఒక హద్దు మించి వచ్చిన లాభం మీద సూపర్ ప్రాఫిట్స్ టాక్స్ వేశారు, జనం చేత నిర్బంధంగా డిపాజిట్లు కట్టించే చట్టం తెచ్చారు. విదేశీ మారకం కారుతోందని అదే ఏడాది జనవరిలో బంగారం నియంత్రణ కూడా పెట్టారు. కొత్త నగ 14 క్యారెట్లు దాటకూడదు. దేశమంతటా కంసాలుల పని పడిపోయింది. రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీ ఈ చట్టాల మీద విరుచుకుపడింది.

ఆ ఆగస్టులో లోక్‌సభ చరిత్రలోనే మొదటి అవిశ్వాస తీర్మానం వచ్చింది, ప్రతిపక్షం నుంచి కృపలానీ పెట్టారు. అనుకూలంగా 62 ఓట్లు, వ్యతిరేకంగా 347, తీర్మానం వీగిపోయింది. అయితే ఆ చర్చలోనే సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాల మీద బతుకుతున్నారన్నారు. నెహ్రూ కాదు, పదిహేనణాలన్నారు. మూడణాలంటే అప్పటికే వచ్చిన కొత్త పైసల లెక్కలో పందొమ్మిది పైసలు. యుద్ధం ఓడి ఏడాది తిరక్కముందే పార్లమెంటు పేదవాడి రోజు ఖర్చు మీద పోట్లాడుకుంది! పన్ను దారిలో నాకు నచ్చేది ఇదే. పన్ను వేస్తే జనానికి కోపం వస్తుంది, కోపం వచ్చినవాడు లెక్క అడుగుతాడు.

అమెరికా కొరియా యుద్ధాన్ని ఎక్కువ భాగం ఇలాగే నడిపింది. అధ్యక్షుడు ట్రూమన్ 1950లో, 1951లో పన్నులు పెంచారు. వియత్నాం యుద్ధం దగ్గరికి వచ్చేసరికి అధ్యక్షుడు జాన్సన్ జంకారు. పన్ను మాట ఎత్తితే పేదల కోసం తాను మొదలుపెట్టిన పథకాలను ప్రతిపక్షం కోయిస్తుందని వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి 1968లో పన్ను మీద పది శాతం అదనపు పన్ను (సర్‌చార్జీ) వేస్తే, దానికి బదులుగా అక్కడి చట్టసభ 600 కోట్ల డాలర్ల ఖర్చు కోత రాయించుకుంది. 1969లో బడ్జెట్ మిగులు చూపించింది కానీ ధరలు అప్పటికే ఎక్కి కూర్చున్నాయి. పన్ను మంచిదే, ఆలస్యంగా వేస్తే మాత్రం రెండు దెబ్బలూ తగులుతాయి.

పన్నుకున్న అసలు జబ్బు వేరు. ఒకసారి వచ్చాక పోదు. 2004లో రెండు శాతంతో మొదలైన విద్యా సెస్సు (ఒక పని పేరు చెప్పి పన్ను మీద వేసే అదనపు పన్ను) పేరు మార్చుకుని ఇప్పుడు నాలుగు శాతంగా ఉంది. పైగా సెస్సు, సర్‌చార్జీ కేంద్రానివే, రాష్ట్రాలతో పంచుకోనక్కరలేదు. మామూలు పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం పోతుంది, ఆ వాటాలు తేల్చే ఆర్థిక సంఘాల్లో 15వది 2021-26కి వేసిన లెక్కలో అందులో ఒడిశా వాటా 4.528 శాతం. అంటే పంచుకునే పన్ను వంద రూపాయలు వసూలైతే మా రాష్ట్రానికి వచ్చేది రెండు రూపాయల లోపే. సెస్సు పేరు పెడితే ఆ రెండూ లేవు. చిన్నాన్న ఈ మాట అన్నప్పుడు బావ దగ్గర జవాబు ఉండదు. బీజేడీ కేంద్రంలో ఎన్నో బిల్లులకు మద్దతిచ్చినప్పుడు ఈ లెక్క ఎటు పోయిందని బావ తిరిగి అడిగితే చిన్నాన్న దగ్గరా ఉండదు.

అప్పు

అమెరికా 2001లో అఫ్గానిస్తాన్‌లో, 2003లో ఇరాక్‌లో యుద్ధానికి దిగింది. ఆ రెండేళ్లలోనే బుష్ ప్రభుత్వం పన్నులు తగ్గించింది. అంటే యుద్ధం మొత్తం అప్పు మీదే నడిచింది. 2009లో డేవిడ్ ఓబే అనే డెమోక్రాట్ సభ్యుడు యుద్ధ ఖర్చుకు ప్రత్యేక పన్ను వెయ్యాలని బిల్లు పెడితే సొంత పార్టీ నాయకత్వమే పట్టించుకోలేదు. యుద్ధానికి సరే అన్నవాళ్లూ బిల్లు కట్టడానికి సరే అనలేదు, కాదన్నవాళ్లూ అనలేదు. పార్టీల తేడా ఇక్కడ మాయమైపోయింది.

అప్పు ఎప్పుడూ తప్పు అనను. ముప్ఫై ఏళ్లు పనిచేసే రాడార్‌కీ ఓడకీ అప్పు చెయ్యొచ్చు, రేపటివాళ్లు కూడా దాని నీడన ఉంటారు కాబట్టి రేపటివాళ్లూ కడతారు. కానీ మన 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లలో ఆయుధాలు, పరికరాల లాంటి మూలధన ఖర్చు 1.80 లక్షల కోట్లు. పింఛన్లే 1.61 లక్షల కోట్లు. మిగతా చాలా భాగం జీతాలు, నడిపే ఖర్చు. కాబట్టి "ఆస్తి కోసం అప్పు" అన్న మాట నాలుగో వంతుకే సరిపోతుంది.

అదే బడ్జెట్‌లో కేంద్రం కట్టే వడ్డీ 12.76 లక్షల కోట్లు. మొత్తం రక్షణ ఖర్చుకు రెట్టింపుకు దగ్గర. తుపాకీయా బియ్యమా అని మనవాళ్లు గొంతు చించుకుంటుంటే, రెండిటికన్నా పెద్ద పద్దు పాత అప్పుల మీద వడ్డీ.

కోత

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఎవరిని కోస్తారో ముందే తెలుసు. నోరు లేనివాణ్ణి. 2025 ఫిబ్రవరిలో బ్రిటన్ రక్షణ ఖర్చును జాతీయాదాయంలో 2.5 శాతానికి పెంచుతామని చెప్పి, ఆ డబ్బు కోసం విదేశీ సాయాన్ని 0.5 నుంచి 0.3 శాతానికి దించుతామంది. ఆ సాయం అందుకునే పేదలకు బ్రిటన్‌లో ఓటు లేదు. మన దగ్గర 1965 యుద్ధం, ఆ వెంటనే కరువు, విదేశీ సాయం ఆగడం అన్నీ కలిసి నాలుగో పంచవర్ష ప్రణాళికనే మూడేళ్లు వాయిదా వేయించాయి. 1966 నుంచి 69 దాకా దేశానికి పంచవర్ష ప్రణాళిక లేదు. ఆ మూడేళ్లలో ఏ ఊరికి కాలువ ఆగిపోయిందో, ఏ ఊరికి బడి రాలేదో ఎవరూ జాబితా రాసిపెట్టలేదు.

ఒడిశాలో ఈ దారిని ఏ పార్టీ బాహాటంగా తీసుకోదు. 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకం ఆడవాళ్లకు అయిదేళ్లలో 50 వేలు ఇస్తుంది. దాన్ని ఆపమనే ధైర్యం బీజేడీకి లేదు, ఆపే ధైర్యం బీజేపీకీ లేదు.

ధరలు

అన్నిటికన్నా చెడ్డది ఇది. ఎన్నికల్లో అన్నిటికన్నా సులువుగా తప్పించుకునేదీ ఇదే.

1971 డిసెంబరు 3న అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేసిన రాష్ట్రపతి వి.వి. గిరి మా బరంపురంలో పుట్టినవారే. ఇక్కడి తెలుగువాళ్లం ఆయన పేరు ఏ సందర్భంలోనైనా తెస్తాం, ఈసారి సందర్భం నిజంగానే ఉంది. పాకిస్తాన్‌తో జరిగిన ఆ యుద్ధానికి ముందే కోటి మంది శరణార్థులు తూర్పు బెంగాల్ నుంచి వచ్చారు. నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అయిదు పైసల అదనపు స్టాంపు అంటించాలన్నారు. కొత్త స్టాంపు అచ్చయ్యేదాకా ఆగలేక కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే "శరణార్థి సహాయం" అని ముద్ర కొట్టి అమ్మారు. అది పన్ను, అందరికీ కనిపించింది, ఎవరూ పెద్దగా గొణగలేదు.

కనిపించనిది తర్వాత వచ్చింది. అప్పట్లో ప్రభుత్వానికి లోటు వస్తే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల పేరుతో రిజర్వు బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునేది, అంటే కొత్త నోట్లు అచ్చేసినట్టే. ఆ పద్ధతిని 1997లో గానీ ఆపలేదు. యుద్ధం, శరణార్థుల ఖర్చు, 1972 కరువు, 1973 అక్టోబరులో చమురు దెబ్బ అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1973-74లో టోకు ధరలు 20 శాతం పెరిగాయి, మరుసటి ఏడాది 25. యుద్ధం ఒక్కటే కారణమంటే అబద్ధం, కారణం కాదంటే అదీ అబద్ధమే. 1974 మేలో రైల్వే సమ్మె. జూలైలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పెరిగిన కరువు భత్యంలో సగాన్ని నిర్బంధ డిపాజిట్‌లో కట్టేసింది. 1971లో "గరీబీ హటావో" అని ఓటేసినవాళ్ల జీతం మీదే ఆ తాళం పడింది.

ధరల పన్ను ఎవరి మీద పడుతుందో చూడాలంటే మా ఊరి పట్టు నేతగాళ్లను చూడండి. సిల్కు రేటు పెరిగితే ముందు కొనాల్సింది వాళ్లు, చీర రేటు పెంచేది షావుకారు, ఆ పెరిగిన దాంట్లో మజూరీకి చేరేది ఎంతో మీరే అడగండి. మా గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన కుర్రాళ్లకైతే అక్కడ గది అద్దె, ఇక్కడ ఇంటి సరుకులు రెండూ ఒకేసారి పెరుగుతాయి. భూమి, బంగారం ఉన్నవాడికి మాత్రం ధరలు పెరిగితే ఆస్తి విలువ కూడా పెరుగుతుంది. ఏ చట్టసభా ఓటెయ్యకుండా పేదవాడి మీద వేసిన పన్ను ఇది.

ఇంకొకరి యుద్ధమైనా మనల్ని వదలదు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసేనాటికి మన సన్‌ఫ్లవర్ నూనెలో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చేది. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది. బావ కొట్లో ఆ వేసవిలో నూనె ప్యాకెట్ రేటు అడిగి వెనక్కి తిరిగినవాళ్లు చాలామంది. మే నెలలో కేంద్రం పెట్రోలు మీద 8 రూపాయలు, డీజిల్ మీద 6 రూపాయలు ఎక్సైజ్ తగ్గించాక కాస్త ఊపిరాడింది. అదే జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతం. బైడెన్ దాన్ని "పుతిన్ తెచ్చిన ధరల పెంపు" అన్నారు, రిపబ్లికన్లు బైడెన్ ఖర్చే కారణమన్నారు. 2024 ఏప్రిల్‌లో ఉక్రెయిన్‌కు దాదాపు 6,100 కోట్ల డాలర్ల బిల్లు ప్రతినిధుల సభలో 311-112తో నెగ్గింది. రిపబ్లికన్లలో 101 మంది అవునన్నారు, 112 మంది కాదన్నారు. ముందు మా సరిహద్దు చూసుకోవాలి, వాళ్ల సరిహద్దుకి మా డబ్బెందుకు అన్నది కాదన్నవాళ్ల వాదన. వినడానికి బాగుంది కానీ ఇరాక్ అప్పు చేసిన రోజుల్లో ఆ పార్టీ ఈ పొదుపు చూపించలేదు.

కనిపించే పన్నుకూ కనిపించని ధరకూ ఉన్న తేడా మా సరిహద్దులోనే చూడొచ్చు. ఆంధ్రాలో పెట్రోలు మీద పన్ను ఎక్కువని ఇచ్ఛాపురం బళ్లు గిరిసోల దాటి మా వైపు వచ్చి ట్యాంకు నింపుకుంటాయి. పన్ను తేడా తెలిసింది కాబట్టి జనం దారి మార్చుకున్నారు, ఆంధ్రాలో ప్రతిపక్షం దాని మీద మాట్లాడుతుంది. నూనె రేటు పెరిగితే ఏ సరిహద్దు దాటి కొనుక్కుంటాం?

అందుకే పన్ను అన్నాను. షరతులు మూడు. ముందు లాభాలు పెరిగినవాళ్ల మీద, తర్వాత మిగతావాళ్ల మీద. ఎప్పుడు పోతుందో తేదీ చట్టంలోనే ఉండాలి. సెస్సు పేరుతో రాష్ట్రం వాటా ఎగ్గొట్టకూడదు. పెద్ద ఆయుధాల కొనుగోలుకు అప్పు సరే. బావకు మూడో షరతు నచ్చదు, యుద్ధం కేంద్రానిది కాబట్టి డబ్బూ కేంద్రానిదే అంటాడు. అందులో నిజం లేకపోలేదు. చిన్నాన్నకు మొదటిది తప్ప ఏదీ నచ్చదు.

ఇప్పుడు ఇద్దరూ పట్టుకున్నది పాన్ మసాలా సెస్సు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టం ప్రజారోగ్యానికి, జాతీయ భద్రతకు అని పాన్ మసాలా తయారీ యంత్రాల సామర్థ్యం మీద సెస్సు వేస్తుంది. నమిలి ఊసేవాడి చేత సైన్యానికి కట్టించడం కన్నా మంచి పన్ను ఉంటుందా అని బావ. రాష్ట్రానికి వాటా ఏది అని చిన్నాన్న. ఆరోగ్య పథకాల ద్వారా కొంత రాష్ట్రాలకు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. చెడు అలవాటు మీద పన్నంటే నాకు అభ్యంతరం లేదు. కానీ దీనికి ముగింపు తేదీ లేదు, ఫ్యాక్టరీలోనే పడుతుంది కాబట్టి నమిలేవాడికి అది పన్నుగా కనిపించదు, ప్యాకెట్ రేటుగానే కనిపిస్తుంది. డబ్బు ముందు కేంద్రం ఆదాయమంతా చేరే సంచిత నిధిలో కలుస్తుంది. అందులోంచి ఫిరంగికి ఎంత, ఆసుపత్రికి ఎంత వెళ్లిందో ఏటా విడివిడిగా చెప్పమని మా ఎంపీ లోక్‌సభలో అడిగితే, ఆయన ఏ పార్టీ అయినా నేను చప్పట్లు కొడతాను.